ఇవతల పచ్చటిక్కు, అవతల సున్నా

మా మేనకోడలు గెలిచిన తగాదాలు కళ్ళారా చాలా చూశాను. వాటన్నిటికీ తలమానికం స్కానింగ్ సెంటరు హాల్లో జరిగింది. పొద్దున పదకొండు గంటలు. బెంచీల మీద ఇరవై మంది రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. నేను మాపు కర్ర గోడకి ఆనించి, నడుం మీద చేతులు వేసుకుని, టికెట్టు కొన్నదానిలా నిలబడి చూశాను.

ఎదుటి మనిషి స్కాన్ తీసే ఆయన. వెనకాల అందరం ఆయన్ని 'వచ్చిందా గారు' అనేవాళ్ళం. ఆ పేరు ఊరికే రాలేదు. మా సెంటరులో స్కాన్ తీసే మిషను ఉంది కానీ దాన్ని చదివే డాక్టర్లు లేరు. తీసిన బొమ్మలన్నీ ఒక మూటగా చేసి, ఎక్కడో వేరే నగరంలో ఉన్న సర్వరు అనే పెద్ద కంప్యూటరుకి పంపుతారు. అక్కడి డాక్టర్లు మూట విప్పి చదివి, ఏముందో చెబుతారు. ఆ పంపే ప్రోగ్రాము రాసింది మా మేనకోడలు. మూట వెళ్ళగానే తెర మీద పచ్చటిక్కు పడుతుంది. టిక్కు పడ్డాక మిగతావాళ్ళు తర్వాతి రోగిని పిలిచేవాళ్ళు. ఈయన మాత్రం ఫోను తీసి అవతలి ఆఫీసువాళ్ళని "వచ్చిందా? ఎంత వచ్చింది?" అని అడిగేవాడు. వాళ్ళు చెప్పిన అంకె నోటు పుస్తకంలో రాసుకుంటే కానీ ఆయనకి ముద్ద దిగేది కాదు.

"నిన్నటి మూడో మూట వెళ్ళలేదమ్మా," అన్నాడు ఆ రోజు. "ఫోను చేసి అడిగాను. పేరుంది, లోపల ఏమీ లేదన్నారు. మళ్ళీ పంపితే అప్పుడు వెళ్ళింది."

"మళ్ళీ పంపమని మీకెవరు చెప్పారు?"

"లేకపోతే పంపొద్దా మరి?"

"ఉన్నదాని మీద ఇంకోటి పంపితే మొదటిది చెడుతుంది. చెడగొట్టేది మీరు, చెడ్డపేరు నా ప్రోగ్రాముకి."

అని ఊరుకోలేదు. గబగబా మేడ మీదికి వెళ్ళి, మిషను రాసుకున్న చిట్టా కాగితం మీద తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మూడో వరుస చదవండి."

"వెళ్ళింది అని ఉంది."

"వెనక బెంచీవాళ్ళకి వినపడలేదు."

"వెళ్ళింది," అన్నాడు ఆయన గొంతు పెంచి.

"ఎన్నింటికి?"

"రెండూ ఇరవై రెండుకి."

"మరి మీరు రోజూ ఆఫీసుకి వచ్చాక ఇంటికి ఫోను చేసి, 'నేను బయల్దేరానా' అని కూడా అడుగుతారా?"

హాలంతా నవ్వింది. తల పగిలి కట్టు కట్టించుకున్నతను కూడా కట్టు పట్టుకుని నవ్వాడు. నేను నవ్వడమే కాదు, పక్కనున్న ఆవిడతో "మా తమ్ముడి కూతురే" అని చెప్పుకున్నాను కూడా.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చేశాడు. "ఈ కాగితం ఇవతలిదమ్మా. నేను అడుగుతున్నది అవతలి సంగతి," అన్నాడు. నవ్వుల్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. నా చెవికి ఎక్కింది. ఓడినవాడి గొణుగుడులే అనుకున్నాను.

ఆ సాయంత్రమే పెద్ద డాక్టరు గారు, అంటే మా సెంటరు యజమాని, ఇకమీదట అవతలికి ఎవరూ ఫోను చెయ్యకూడదని చెప్పేశారు. ఒక్కో రోగికి పది నిమిషాలు ఫోనుకే పోతుంటే రోజుకి ఎంతమంది తగ్గుతారో మా మేనకోడలే లెక్క కట్టి చూపించింది. వచ్చిందా గారు దొంగచాటుగా మెట్ల కింద నిలబడి ఫోను చేస్తూ రెండుసార్లు దొరికిపోయాడు. పదిహేను రోజులకి ఆయన్ని పంపించేశారు. ఇంకో రెండేళ్ళు ఆగితే ఎలాగూ రిటైరైపోయేవాడే. ఆయన కుర్చీలో వేసుకునే దిండు అక్కడే మరిచిపోయి వెళ్తే, చెత్తబుట్టలో వేసింది నేనే. దిండుకి మరక ఉంది. అందుకని వేశాను.

మా మేనకోడలికి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోయింది. మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. ఆ లిఫ్టుల్లాగే పొద్దున ఎక్కడో, సాయంత్రం ఎక్కడో ఉండేవాడు. పిల్లని నేనే పెంచాను. మా పుట్టింట్లో పొలం లేదు, ఇల్లు లేదు, బంగారం అసలే లేదు. నాలుక ఒక్కటే ఆస్తి. దాన్ని మాత్రం ఎవరికీ తక్కువ కాకుండా పంచుకున్నాం. నా వాటా పెద్దదని నేను అనుకునేదాన్ని, ఈ పిల్ల పెరిగేదాకా.

ఆరో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక లెక్క తప్పు చేశాడట. ఇది లేచి చెప్పింది. ఆయన మంచివాడు. "అవునమ్మా, పొరపాటే, కూర్చో" అన్నాడు. ఇది కూర్చోలేదు. "నిన్న ఇదే లెక్కకి నన్ను తప్పన్నారు. ఆ మార్కు ఇప్పుడు వెయ్యండి, వేశాక కూర్చుంటా" అంది. మార్కు వేయించుకునే ఇంటికొచ్చింది. నేను దిష్టి తీసినంత పని చేశాను. తప్పెవరిదో నిలదీసి అడగాలని నేర్పింది నేనే. తప్పు తనదైనప్పుడు ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు. నాకు తెలిస్తే కదా నేర్పడానికి.

పెళ్ళి పదకొండు నెలలు నిలిచింది. అల్లుడు చెడ్డవాడేం కాదు. కాకపోతే "నేనలా అనలేదు" అనే అలవాటుంది పాపం. ఇది ప్రతి మాటా తారీఖు వేసి రాసి పెట్టుకునేది. అతను ఏదన్నా కాదంటే చాలు, పుస్తకం తెరిచి పేజీ చూపించేది. "నీతో చేసేది కాపురం కాదు, కోర్టు వాయిదా" అని ఒక ఆదివారం పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. "గెలిచావే" అన్నాను నేను. నవ్వింది. అప్పటి నుంచి ఇద్దరం సైకిలు షాపు మీద ఉన్న రెండు గదుల్లోనే ఉంటున్నాం.

కంప్యూటరు చదువు సాయంత్రాలు చదువుకుంది. నేను ఈ సెంటరులో ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తున్నాను కాబట్టి, పెద్ద డాక్టరు గారి ముందు నిలబడి "మా పిల్లకి పని ఇప్పించండి" అని అడిగే చనువు ఉంది. అడిగాను, ఇచ్చారు. అందులో చేరిన రోజు నుంచి సెంటరులో మాత్రం నన్ను అత్తా అని పిలవదు. "ఇదిగో, ఇక్కడ తుడువు" అంటుంది. ఇంటికొచ్చాక "అత్తా, కాళ్ళు లాగుతున్నాయా?" అని అడుగుతుంది. రెండూ ఒకే నోరే. నేను పట్టించుకోనట్టే ఉంటాను.

వచ్చిందా గారు వెళ్ళిన నాలుగు నెలలకి బట్టలు కుట్టే ఆమె వచ్చింది. మా వీధి చివర షాపులో ఒక్క మిషను పెట్టుకుని కుడుతుంది. భర్త లేడు, తమ్ముడు తోడుంటాడు. పై అరలో ఉన్న గుడ్డల చుట్ట అందుకోబోయి, ఎక్కిన స్టూలు మీంచి పడి తలకి దెబ్బ తగిలించుకుంది. రక్తం ఏమీ లేదు. నడిచే వచ్చింది. బెంచీ మీద కూర్చుని నా యూనిఫారం అంచు పట్టుకుని చూసి, "ఇది ఎవరు కుట్టారు, కళ్ళు మూసుకుని కుట్టినట్టున్నాడు. రేపు తీసుకురా పెద్దమ్మా, విప్పి కుడతాను" అంది. స్కాన్ తీశారు. మూట పంపారు. పచ్చటిక్కు పడింది.

మా సెంటరులో ఒక పద్ధతి ఉంది. ప్రాణం మీదికొచ్చేది ఏదన్నా కనిపిస్తే అవతలి డాక్టరు గంట లోపల ఫోను చేస్తాడు. గంట దాటినా ఫోను రాలేదంటే భయం లేదని అర్థం. మనిషిని ఇంటికి పంపేస్తారు, కాగితం మర్నాడు ఇస్తారు. ఆమె గంటంబావు కూర్చుంది. ఫోను రాలేదు. కౌంటరులో అమ్మాయి "మీకేం లేదండీ, వెళ్ళిపోండి" అంది. తమ్ముడి భుజం పట్టుకుని మెట్లు దిగుతూ నా వైపు చూసి, సూదితో కుడుతున్నట్టు చెయ్యి ఆడించి చూపించింది. అంచు సంగతి మర్చిపోవద్దని.

మర్నాడు పొద్దున ఆమెకి కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. వేరే ఆసుపత్రిలో తల తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. ప్రాణం నిలబడింది. చెయ్యి పోయింది.

ఆమెని ఇంటికి తెచ్చాక నేను చూడ్డానికి వెళ్ళాను. షాపులోంచే లోపలికి వెళ్ళాలి. మిషను మీద ఎవరిదో చొక్కా సగం కుట్టి ఉంది, సూది గుడ్డలో దిగబడి అలాగే ఉంది. దాన్ని తియ్యడానికి తమ్ముడికి చేతులు రాలేదట. ఆమె మూతిలో సగంతోనే నాకేసి నవ్వింది. తమ్ముడు గుమ్మం దాకా నాతో వచ్చాడు.

"పెద్దమ్మా, అవతలి ఆఫీసుకి ఫోను చేసి అడిగాను," అన్నాడు. "మా అక్క బొమ్మలు రానేలేదంటున్నారు. మీ కౌంటరులోనేమో వెళ్ళాయని కాగితం చూపిస్తున్నారు. ఏది నిజం?"

"నేను ఊడ్చేదాన్ని నాయనా. నాకేం తెలుస్తుంది," అన్నాను.

ఆ రోజుకి అది నిజమే.

శుక్రవారం పెద్ద డాక్టరు గారు మా మేనకోడల్ని గదిలోకి పిలిచారు. తలుపు తెరిచే ఉంది. నేను బయట కిటికీ అద్దం తుడుస్తున్నాను, తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తున్నాను.

"మంగళవారం పదింటికి ఆ తమ్ముడు వకీలుని వెంటబెట్టుకుని వస్తాడు," అన్నారాయన. "ఏం జరిగిందో అప్పటికి నాకు తెలియాలి. తప్పు ఎవరిదైతే వాళ్ళ పేరు వాళ్ళ ముందే చెప్పేస్తాను. వాళ్ళకి ఇక్కడే కాదు, ఈ పనిలో ఎక్కడా చోటు దొరకదు. దొరక్కుండా నేను చూస్తాను."

"అవతలివాళ్ళదే సార్," అంది మా మేనకోడలు. తడుముకోలేదు.

"ఆ మాట రుజువు పట్టుకుని చెప్పు."

ఆదివారం సెంటరుకి సెలవు. తాళాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి నన్నూ తీసుకెళ్ళింది. మేడ మీద లిఫ్టు పక్కన, నా చీపుర్ల గదికి ఆనుకుని, దాని కంప్యూటరు మిషన్ల గది. మంచం పట్టేంత కూడా ఉండదు. నేను బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను.

ముందు అవతలికి ఫోను చేసింది. "వచ్చిందా?" అని అడిగింది. ఆ మాట ఆ నోట్లోంచి రావడం నాకెంత ఇంపుగా ఉందో చెప్పలేను. పైకి మాత్రం మొహం చిట్లించుకునే కూర్చున్నాను.

"పేరు ఉంది మేడం. మూట బరువు సున్నా," అన్నాడు అవతలి మనిషి.

"మీ దగ్గర చోటు నిండిపోయి ఉంటుంది."

"సగం ఖాళీగానే ఉంది మేడం."

"పాస్‌వర్డు ఏమన్నా మార్చారా?"

"అది మారిస్తే పేరు కూడా రాదు కదా మేడం."

ఫోను పెట్టేసి "బడుద్ధాయి" అంది. బడుద్ధాయి చెప్పినదాంట్లో తప్పు దొరకనప్పుడు మా ఇంట్లో అదే అంటాం.

తర్వాత ఒక చిన్న ఉత్తరం పంపింది. వెళ్ళింది. ఒక పాత తల స్కాను, బండెడు బరువు, పంపింది. వెళ్ళింది. అలా నలభైసార్లు పంపింది. నలభైసార్లూ వెళ్ళింది, నలభైసార్లూ అవతలి బరువు సరిపోయింది. "చూడు, వెళ్తోంది. చూడు," అంది నాతో, నేనేదో కాదన్నట్టు. మధ్యాహ్నానికి ప్రోగ్రాము ఏ అడుగు వేసినా పైకి చెప్పేలా రాసింది. తెరిచాను, చదివాను, పంపుతున్నాను, పంపాను అని నాలుగు మాటలు తెర మీద చీమల బారులా కిందికి పాకుతున్నాయి. అన్నీ బుద్ధిమంతులే. దొంగ మాత్రం దొరకలేదు.

"ఇవాళ సెలవు కదే," అన్నాను నేను. "మనుషులు లేరు, కింద మిషను నడవట్లేదు. రోజూ మధ్యాహ్నం ఇంటర్నెట్టు లైను తెగి మీరంతా తిట్టుకుంటారు కదా. ఇవాళ తెగలేదుగా. తెగితే ఏం చేస్తుందో చూడు."

"తెగితే దానంతట అదే మళ్ళీ పంపేలా రాశాను. నీకు తెలియని విషయాల్లో నోరు పెట్టకు."

నోరు పెట్టలేదు. రెండు నిమిషాలకి అదే లేచి, మూట సగం వెళ్తుండగా గోడలోంచి తీగ ఊడబీకింది. మళ్ళీ పెట్టింది. తెర మీద 'మళ్ళీ పంపుతున్నాను' అని పడింది. రెప్ప వేసి తీసేలోపు పచ్చటిక్కు.

నాలుగు నిమిషాలు పట్టే మూట రెప్పపాటులో ఎలా వెళ్తుందో నా బోటిదానికే అనుమానం వచ్చింది. అవతలి జాబితా తెరిచి చూసింది. పేరు ఉంది. బరువు సున్నా.

అప్పుడు దాని మొహం చూడాల్సింది. నేను చూశాను. జాలి కలగలేదు. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూస్తున్నది ఇదేనేమో అనిపించింది, నేను పెంచిన పిల్ల ఒక్కసారి ఓడిపోవడం.

ఏమైందని నాలుగైదుసార్లు అడిగితే విసుక్కుంటూ చెప్పింది. నాకు అర్థమైనట్టు నేను చెబుతాను. నాకు ఐదో తరగతి దాకానే చదువు. అక్షరాల కింద వేలు పెట్టుకుని కదుపుతూ చదువుతాను. ప్రోగ్రాము కూడా అంతే. మూటని మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదువుకుని అప్పుడు పంపుతుంది. మధ్యలో లైను తెగితే మళ్ళీ పంపాలి. అలా పంపాలంటే వేలు వెనక్కి, మొదటి అక్షరం దగ్గరికి తీసుకురావాలి. మా మేనకోడలు ఆ ఒక్క ముక్క రాయలేదు. వేలు చివర్లోనే ఉండిపోయింది. చివర్లోంచి చదివితే ఏముంటుంది? ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్నే మూటగా కట్టి పంపింది. అవతలి కంప్యూటరు "అందింది" అంది. ఖాళీ మూటైనా అందడం అందడమే కదా. ఇవతల టిక్కు పడింది.

ఒక్క వరుస రాసి వేలిని వెనక్కి తీసుకొచ్చింది. దాని కింద ఇంకో నాలుగు వరుసలు రాసింది. పంపాక అవతలి బరువు ఎంతో అడిగి, ఇవతలి బరువుతో సరిపోతేనే టిక్కు పెట్టమని.

"ఇది వచ్చిందా గారు చేసిన పనే కదే," అన్నాను.

"ఆయనకి పది నిమిషాలు పట్టేది. దీనికి అర సెకను," అంది తల తిప్పకుండానే.

తర్వాత పాత జాబితా అంతా వెతికింది. ఆయన వెళ్ళిన నాలుగు నెలల్లో అలా సున్నా బరువుతో వెళ్ళినవి పదకొండు. అంతకుముందు కూడా ఉన్నాయి కానీ, అవన్నీ ఆయన మళ్ళీ పంపి సరిచేసినవి. హాల్లో ఆయన చేత చదివించిన రెండూ ఇరవై రెండు మూట కూడా ఆ పాతవాటిలో ఉంది.

"పదకొండు మందిలో పదిమందికి ఏమీ కాలేదు, మర్నాడు కాగితం రాకపోతే కౌంటరువాళ్ళు మళ్ళీ పంపించారు," అంది.

"పదకొండో ఆమెకి?"

"మూడూ పదికి పంపారు. ఆ టైములో లైను తెగింది."

"లైను తెగిందా, నువ్వు రాయలేదా?"

నన్ను బకెట్టు మీంచి లేపి, తాళం వెయ్యమంది. సోమవారం సెంటరులో నన్ను అత్తా అని పిలిచింది, కౌంటరమ్మాయి ఎదురుగానే. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. నేనూ ఉలిక్కిపడ్డాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఇక్కడ చేరిన రోజు నుంచి జుట్టు పట్టుకున్న చెయ్యి కాళ్ళ దాకా వచ్చిందంటే, ఏదో అడగబోతోందని అప్పుడే తెలిసింది.

మంగళవారం పొద్దున నాకంటే ముందే లేచింది. టీ పెట్టి గ్లాసు నా చేతికిచ్చింది. నా చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది. నా పక్కనే నేల మీద కూర్చుంది.

"అత్తా, ఆ రోజు మూడింటికి ఎక్కడ తుడుస్తున్నావు?"

"రోజూ మూడింటికి కింద హాల్లోనే తుడుస్తాను."

"మేడ మీద అని చెప్పు. మిషన్ల గదిలో. తడి మాపు తగిలి గోడలో తీగ ఊడింది. భయపడి మళ్ళీ గుచ్చేసి, ఎవరికీ చెప్పకుండా కిందికి వచ్చేశావు. అంతే."

"ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నేను పూచికపుల్ల కూడా కదపలేదు."

"అది నీకూ నాకూ తెలుసు. వాళ్ళకి తెలియదు కదా."

"నా పని పోతుంది."

"పోనీ. ఇంకెన్నాళ్ళు ఊడుస్తావు? నేను పెట్టనా నీకు? నా పని పోతే ఇద్దరం పస్తుంటాం. నీకేముంది అత్తా, పెద్దదానివి, చదువుకోనిదానివి. పొరపాటున తగిలిందంటే ఎవరైనా జాలి పడతారు. నా మీద ఎవరూ జాలి పడరు. పడేలా నేను బతకలేదు."

ఆ ఆఖరి మాట ఒక్కటే అది నిజంగా అన్నది. గ్లాసు కింద పెట్టాను. టీలో చక్కెర ఎక్కువైంది. నేనెంత వేసుకుంటానో ఇన్నేళ్ళలో చూసుకోలేదు.

"డాక్టరు గారికి చెప్పమంటావు, అంతేగా," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "ఆయనకి కాదు అత్తా, ఆయన నిన్ను గుచ్చిగుచ్చి అడుగుతాడు. సెంటరుకి రాకముందే వాళ్ళింటికి వెళ్ళు. ఆమె మంచం దగ్గర, ఆ తమ్ముడి ముందు చెప్పు. నువ్వంటే వాళ్ళకి గురి. నువ్వు ఏడుస్తూ చెబితే నమ్ముతారు."